గీత పక్కన నిలబడే చదువు

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ ఊళ్లలో తెలుగు ఇళ్లకు కొదవ లేదు. ఆ ఇళ్లలో పిల్లల చదువు మీద వాదన అంటే చాలాకాలం కంప్యూటర్సా, మెడిసినా అన్నంతవరకే. ఇప్పుడు అక్కడే పుట్టి పెరిగిన పిల్లలు హైస్కూలు ఫుట్‌బాల్ మైదానాల్లోంచి కొత్త కోరికలు పట్టుకొస్తున్నారు. అథ్లెటిక్ ట్రైనర్ అవుతాననడం వాటిలో ఒకటి. ఆటగాళ్లకు దెబ్బలు తగలకుండా చూడడం, తగిలితే పడినచోటే పరీక్ష చేసి ఏం చెయ్యాలో తేల్చడం, కోలుకున్నాక మళ్లీ ఆటకు సిద్ధం చెయ్యడం వీళ్ల పని. జిమ్ములో బరువులెత్తించేవాళ్లు వేరు, వీళ్లు వేరు.

ఈ కింద మాట్లాడుకుంటున్న ఇద్దరినీ నేను కల్పించాను. వాదన మాత్రం ఉన్నదే. హారిక టెక్సస్‌లో కైనీషియాలజీ (శరీర కదలికల శాస్త్రం) డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉంది. హైస్కూల్లో ఉన్నన్నాళ్లూ అక్కడి ట్రైనర్‌కు సాయంగా మైదానంలోనే గడిపింది. సత్యం ఆమె మేనమామ, గుంటూరు మనిషి, ఇర్వింగ్‌లో చాలా ఏళ్లుగా ఫిజియోథెరపిస్టు. అమ్మాయికి కాస్త నచ్చజెప్పమని అక్క పిలిస్తే వచ్చాడు.

మావయ్య: మీ అమ్మ చెప్పమన్నవన్నీ పక్కన పెట్టి నా మాటే చెప్తాను. రెండేళ్లు మాస్టర్స్ చేసి అథ్లెటిక్ ట్రైనర్ అవుతానంటున్నావు. ఇంకొక్క ఏడాది ఓపిక పడితే ఫిజియోథెరపీలో డాక్టరేటే చేతికొస్తుంది. అమెరికా కార్మిక గణాంకాల విభాగం 2023 లెక్క చూడు. ట్రైనర్ల మధ్యస్థ జీతం ఏడాదికి దాదాపు 58 వేల డాలర్లు. ఫిజియోథెరపిస్టులది లక్షకు దగ్గర. ఒక్క ఏడాది చదువు దగ్గర 40 వేల తేడా, అదీ ఏటేటా. ఇంత తెలిసీ ఎందుకమ్మా?

హారిక: ఆ లెక్క నేనూ చూశాను మావయ్యా, కాదనను. కానీ నీ దగ్గరికి మనిషి ఎప్పుడొస్తాడు? మోకాలు తెగి, ఆపరేషనయ్యి, ఇన్సూరెన్సు వాళ్లు ఇన్ని విజిట్లని రాసిచ్చాక. నేను వాడు పడినచోట ఉండాలనుకుంటున్నాను.

మావయ్య: పడినచోటికి అంబులెన్సు వస్తుంది. 911 కొడితే నిమిషాల మీద వస్తారు. ఆ కాస్తసేపటి కోసం ఒక మాస్టర్స్ డిగ్రీయా? స్కూలు ట్రైనర్లని నేనూ చూస్తూనే ఉన్నాను. నీళ్ల సీసాలు నింపడం, చీలమండలకు టేపు చుట్టడం, ఐసు సంచులు కట్టడం. మంచి పనే, కాదనను. దానికి ఆరేళ్లు యూనివర్సిటీలో కూర్చోవాలా అన్నదే నా ప్రశ్న.

హారిక: ఆ కాస్తసేపే మొత్తం కథ. 2023 జనవరి 2న సిన్సినాటిలో బఫెలో బిల్స్ ఫుట్‌బాల్ జట్టు ఆటగాడు డామార్ హామ్లిన్ ఎదుటివాణ్ణి పట్టి పడేసి, లేచి నిలబడి, అంతలోనే వెనక్కి కూలిపోయాడు. ఛాతీ మీద దెబ్బ గుండె కొట్టుకునే వరసలో పడకూడని క్షణంలో పడింది. గుండె ఆగింది. డెనీ కెల్లింగ్టన్ అని ఆ జట్టు అసిస్టెంట్ అథ్లెటిక్ ట్రైనర్, గడ్డి మీదే మోకాళ్లూని సీపీఆర్ చేశాడు. హామ్లిన్ ఆ ఏడాదే మళ్లీ మైదానంలో దిగాడు. ఆగిన గుండెకు షాక్ ఇవ్వడం ఒక్కో నిమిషం ఆలస్యమైనకొద్దీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుందని నీకు నేను చెప్పాలా?

మావయ్య: అది ఎన్‌ఎఫ్‌ఎల్ తల్లీ, డబ్బుకు ఆడేవాళ్ల లీగు. మైదానం గీతకు ఇవతలా అవతలా డాక్టర్లే. అంబులెన్సు లోపలే ఉంటుంది. డబ్బున్నచోట అన్నీ ఉంటాయి. నువ్వు చేరబోయేది అక్కడ కాదు కదా?

హారిక: కాదు. నేను హైస్కూలుకే వెళ్తాను. డాక్టర్లు చుట్టూ నిలబడిన చోట నేనొకదాన్ని తక్కువైతే ఏమీ కాదు. అమెరికాలో ప్రభుత్వ హైస్కూళ్లలో సుమారు మూడోవంతు బళ్లకు ట్రైనరే అందుబాటులో లేరు. అక్కడ పిల్లాడు పడిపోతే ముందు చేరేది కోచ్, తర్వాత వాడి స్నేహితుడు.

మావయ్య: సరే, పడిపోయాడే అనుకుందాం. ఆగస్టు నెల, టెక్సస్ ఎండ, ఒంటి మీద హెల్మెట్టూ ప్యాడ్లూ. పిల్లాడు తూలిపోయాడు. నువ్వేం చేస్తావు, నేనేం చెయ్యను? ఇద్దరం 911కే కదా ఫోన్ చేసేది? మన ఊళ్లో అయితే వడదెబ్బ అని నీడకు చేర్చి మజ్జిగ పట్టేవాళ్లు.

హారిక: ఇక్కడే నువ్వూ నేనూ విడిపోతాం. రోహిణి కార్తెలో ముసలివాళ్లకు తగిలే వడదెబ్బ నెమ్మదిగా తగులుతుంది, ఒళ్లు పొడిబారిపోతుంది. పరిగెత్తే కుర్రాడికి తగిలేది అలా ఉండదు. వాడికి చెమటలు కారుతూనే ఉండొచ్చు. చర్మం తడిగా ఉంది కాబట్టి పరవాలేదనుకుంటారు. లోపల ఒంటి వేడి 105 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి ఉంటుంది. మాట తడబడుతుంది, కోపం వస్తుంది, ఎక్కడున్నాడో వాడికే తెలియదు. పడిపోయిన అరగంట లోపల ఆ వేడి దించాలి. దించితే దాదాపు అందరూ బతుకుతారు. అంబులెన్సు ఎక్కించి, ట్రాఫిక్కులో తీసుకెళ్లి, ఎమర్జెన్సీలో దించేసరికి ఆ అరగంట అయిపోతుంది. అందుకే మాకు మొదటి సూత్రం: ముందు చల్లబరచు, తర్వాత పంపించు.

మావయ్య: చల్లబరచడమంటే? చంకల్లో ఐసు ముక్కలు పెట్టడమా?

హారిక: అది చాలదు. మా స్కూల్లో మైదానం పక్కన పశువులకు నీళ్లు పెట్టే పెద్ద ప్లాస్టిక్ తొట్టి ఉండేది.

మావయ్య: కుడితి తొట్టా?

హారిక: అదే అనుకో. ప్రాక్టీసు మొదలవకముందే సగానికి నీళ్లు పట్టి ఉంచేవాళ్లం. పక్కనే రెండు పెట్టెల నిండా ఐసు. పిల్లాడు పడిపోతే హెల్మెట్టూ ప్యాడ్లూ ఊడదీసి మెడ దాకా అందులో దించాలి. చంకల కింద నుంచి ఒక దుప్పటి వేసి వెనక నుంచి ఒకరు పట్టుకోవాలి, తల మునక్కుండా. ఇంకొకరు నీళ్లు కలుపుతూనే ఉండాలి. కలపడం ఆపితే ఒంటిని ఆనుకుని ఉన్న నీళ్లు వేడెక్కి అక్కడే నిలిచిపోతాయి. అలా కలుపుతుంటే మూడు నిమిషాలకు సుమారు ఒక డిగ్రీ ఫారెన్‌హీట్ చొప్పున దిగుతుంది. 102 దగ్గరికి రాగానే తీసెయ్యాలి, లేకపోతే మరీ చల్లబడిపోతాడు. మసాచుసెట్స్‌లో ఫాల్‌మత్ పరుగు పందెం ఉంది కదా, ఎండాకాలంలో పెడతారు. అక్కడ 18 ఏళ్ల రికార్డులు తీస్తే ఇలాంటి వడదెబ్బ కేసులు 274. అందరికీ ఈ తొట్టి వైద్యమే. ఒక్కరు కూడా చనిపోలేదు.

మావయ్య: 102కి దిగిందని నీకెలా తెలుస్తుంది? నుదుటి మీద పెట్టే థర్మామీటరు తడి ఒంటి మీద పనికిరాదు. నోట్లో పెడితే అంతకంటే దండగ, అప్పటికే చల్లటి నీళ్లు తాగి ఉంటాడు.

హారిక: రెక్టల్ థర్మామీటరు.

మావయ్య: పదహారేళ్ల మగపిల్లాడికి? అందరి మధ్యా? ఆడపిల్లవి నువ్వు పెడతావా? వాళ్ల అమ్మా నాన్నా ఊరుకుంటారా? మన వాళ్లయితే మర్నాడే స్కూలు మీదికి పోతారు.

హారిక: ముందుగా చెప్పకపోతే పోతారు. అందుకే సీజన్ మొదట్లోనే తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి ఇది ఎందుకో, ఎలాగో చెప్పాలి. చుట్టూ దుప్పట్లు పట్టుకుంటారు, పక్కన ఇంకో పెద్దమనిషి ఉంటారు. మిగతా ఏ థర్మామీటరూ పరిగెత్తినవాడి లోపలి వేడి సరిగ్గా చెప్పదు. 106 ఉన్నవాడికి 101 చూపించి పిల్లాణ్ణి పోగొట్టుకోవడం కంటే ఆ పది నిమిషాల మొహమాటం మేలు. ఆ మొహమాటాన్ని దాటడం కూడా నేర్పాల్సిన చదువే మావయ్యా. నువ్వు మొదటిసారి రోగి ఒంటి మీద చెయ్యి వేసినప్పుడు ఎవరో నేర్పారు కదా?

మావయ్య: నేర్పారు. సరే, వైద్యం ఒప్పుకున్నాను. కానీ నువ్వు దాటేసిన సంగతి ఒకటుంది. మేరీలాండ్ యూనివర్సిటీలో జోర్డన్ మెక్‌నేర్ అని 19 ఏళ్ల కుర్రాడు. 2018 మే 29న ప్రాక్టీసులో పరుగులు తీస్తూ కూలబడ్డాడు, జూన్ 13న చనిపోయాడు. అక్కడ ట్రైనర్లు లేరా? ఉన్నారు. సర్టిఫికెట్లు లేవా? ఉన్నాయి. తొట్టిలో దించారా? లేదు. 911కి ఫోన్ చెయ్యడమే ఎంతో ఆలస్యం. మరి నీ చదువు ఆ పిల్లాడికేం చేసింది?

హారిక: ఏమీ చెయ్యలేదు. అది నాకు గుండెల్లో ముల్లు. అక్కడ చదువుకున్నవాళ్లే ఉండి, చెయ్యాల్సింది చెయ్యలేదు. యూనివర్సిటీ అధ్యక్షుడు తప్పు మాదేనని ఆ ఆగస్టులో బాహాటంగా ఒప్పుకున్నాడు. కోచ్‌ని అక్టోబర్ 31న తీసేశారు. నేనా సంఘటన గురించి దొరికినంతవరకూ చదివాను. నాకర్థమైంది ఇది: ఆ రోజు వాళ్లకు తెలియనిది పుస్తకాల్లో లేనిది కాదు. అంతకు 17 ఏళ్ల ముందే, 2001 ఆగస్టు 1న, మిన్నెసోటా వైకింగ్స్ ఆటగాడు కోరీ స్ట్రింగర్ ఇలాగే వడదెబ్బతో పోయాడు. ఆయన పేరుతో 2010లో కనెక్టికట్ యూనివర్సిటీలో ఒక సంస్థే వెలిసింది, ఇదే విషయం దేశమంతా చెప్పడానికి. తెలిసినది చేతుల్లోకి రావాలంటే, అరుపుల మధ్య, కోచ్ చూస్తుండగా, పదే పదే చేసి ఉండాలి. తొట్టి నింపి ఉంచిన రోజునే దాన్ని వాడతారు. 

మావయ్య: ఇప్పుడు అసలు మాట నీ నోటే వచ్చింది, కోచ్ చూస్తుండగా అన్నావు. టెక్సస్‌లో శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ అంటే ఏమిటో నీకు నేను చెప్పక్కర్లేదు. ఊరంతా స్టాండ్లలో ఉంటుంది. నాలుగో క్వార్టర్, ఆరు పాయింట్ల తేడా. బాగా ఆడే పిల్లాడి తలకు దెబ్బ తగిలింది. ఇరవై నాలుగేళ్ల పిల్లవి నువ్వు వెళ్లి, వీడు ఆడడు అంటావు. కోచ్‌కి జీతం నీకంటే ఎన్నో రెట్లు. నీ ఉద్యోగం ఉంచాలా తియ్యాలా అన్నదాంట్లో అతని మాట చెల్లుతుంది. నీ చదువు ఆ నిమిషంలో నీకు వెన్నెముక ఇస్తుందా?

హారిక: చదువొక్కటే ఇవ్వదు. చట్టం ఇస్తుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో 2006లో జాకరీ లిస్టెట్ అని 13 ఏళ్ల పిల్లాడు తలకు దెబ్బ తగిలాక మళ్లీ ఆటలోకి దిగి, మెదడులో రక్తస్రావమై, ఏళ్ల తరబడి మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. 2009లో అక్కడ వాడి పేరుతోనే చట్టం వచ్చింది. 2014 నాటికి 50 రాష్ట్రాల్లోనూ అలాంటి చట్టాలొచ్చాయి. టెక్సస్‌లో 2011లో వచ్చింది. తలకు దెబ్బ తగిలిందేమోనని ఎవరైనా అనుకుంటే, అంటే డాక్టరో, మాలాంటి లైసెన్సు ఉన్నవాళ్లో, చివరికి తల్లిదండ్రులో, పిల్లాణ్ణి వెంటనే బయటికి తియ్యాల్సిందే. మళ్లీ ఆడించవచ్చని చెప్పే అధికారం కోచ్‌కి లేదు. చట్టంలో ఆ మాట రాసి ఉంది. కాలేజీల్లో కూడా పెద్ద కాన్ఫరెన్సులు, అంటే కాలేజీ జట్ల కూటములు, 2016లో నియమం పెట్టుకున్నాయి, ఆటగాడి ఆరోగ్యం మీద ట్రైనర్, జట్టు డాక్టర్ చెప్పిందే ఆఖరు మాట, కోచ్ దాన్ని తోసెయ్యకూడదని.

మావయ్య: 2016లో నియమం వచ్చింది. మెక్‌నేర్ పోయింది 2018లో. మేరీలాండ్ ఆ పెద్ద కాన్ఫరెన్సుల్లోదే.

హారిక: అవును.

మావయ్య: కాగితం మీద రాసినంత మాత్రాన అయిపోదు హారికా. నేను నిన్ను భయపెట్టడం లేదు, నీకంటే ముందు ఆసుపత్రి ఉద్యోగాలు చూసినవాణ్ణి. అధికారం ఇస్తున్నామని రాస్తారు, జీతం ఇచ్చేవాడు మాత్రం ఇంకొకడు. ట్రైనర్‌ను ఉద్యోగంలోకి తీసుకునేదీ తీసేసేదీ క్రీడా విభాగమైతే, ఆ విభాగంలో కోచ్ మాటే చెల్లితే, నీ నియమం ఏం చేస్తుంది? నన్నడిగితే ట్రైనర్ యూనివర్సిటీ ఆరోగ్య కేంద్రానికి జవాబు చెప్పాలి. స్కూళ్లలో ఆసుపత్రి తరఫున వచ్చి పనిచెయ్యాలి.

హారిక: కొన్నిచోట్ల అలాగే చేస్తున్నారు. నేను చూసుకుంటున్న ఉద్యోగాల్లో మొదటి ప్రశ్న అదే, నేనెవరికి రిపోర్ట్ చెయ్యాలి అని. ఈ మాట నువ్వు చెప్పకముందు నాకంత స్పష్టంగా లేదు.

మావయ్య: ఇంకోటి. పిల్లలు అబద్ధాలు చెప్తారు. తల తిరుగుతోందా అంటే లేదంటారు. స్కాలర్‌షిప్పు పోతుందని, స్నేహితులు పిరికివాడంటారని. వాడు లేదన్నాక నువ్వేం చేస్తావు?

హారిక: వాణ్ణి నేను రోజూ చూస్తుంటాను. మా ట్రైనర్ దగ్గర నేను చూసింది ఇదే. ఒక అబ్బాయి గీత పక్కకొచ్చి బాగానే ఉన్నానన్నాడు. నెలల పేర్లు వెనక నుంచి చెప్పమంటే డిసెంబర్, నవంబర్, అక్టోబర్ అని గడగడా చెప్పేశాడు. ఆవిడ వినలేదు, హెల్మెట్టు తీసి తన దగ్గర పెట్టుకుంది. హెల్మెట్టు లేకపోతే దొంగచాటుగా లోపలికి పరిగెత్తలేడు. తర్వాత నేనడిగాను, ఎలా కనిపెట్టారని. వాడు రోజూ సీసా తీసుకుని నా మీద ఒక జోకు వేసి వెళ్తాడు, ఈరోజు సీసా తీసుకుని చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు అంది. డాక్టరు పరీక్షలో కంకషన్ అని, అంటే తల దెబ్బకు మెదడు దెబ్బతిందని తేలింది. నువ్వు వారానికి రెండుసార్లు, 45 నిమిషాలు చూస్తావు. ఆవిడ సీజనంతా వారానికి ఆరు రోజులు చూస్తుంది. మామూలుగా వాడెలా ఉంటాడో తెలియకపోతే తేడా కనపడదు.

మావయ్య: (కొంచెం ఆగి) ఇది నేను చెయ్యలేను. నా దగ్గరికొచ్చేసరికి నాకు తెలిసిన మనిషి దెబ్బ తిన్న మనిషే. ముందు మనిషి నాకు తెలియడు. 

హారిక: అదే మావయ్యా నేను చెప్పేది.

మావయ్య: అయినా చదువు సంగతి వదలను. నీ ముందువాళ్లు నాలుగేళ్ల డిగ్రీతోనే ఈ ఉద్యోగంలోకి వచ్చారు. 2015లో మాస్టర్స్ ఉండాల్సిందేనని పెద్దలు తీర్మానించారు, 2022 చివర నుంచి డిగ్రీ కోర్సుల్లో కొత్తవాళ్లని చేర్చుకోవడం ఆపేశారు. చదువు రెండేళ్లు పెంచారు. జీతం పెంచారా? అప్పు మాత్రం పెరిగింది. పేదింటి పిల్ల, నల్లవాళ్ల పిల్ల, మెక్సికన్ పిల్ల ఈ పనికి రావాలంటే ఇంకో గేటు పెట్టినట్టు కాలేదా? ఆ మూడోవంతు బళ్లకు ట్రైనర్లు ఎక్కడి నుంచి వస్తారు?

హారిక: ఆ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ నాలుగేళ్లలో అంతా పట్టదన్నది కూడా నిజం. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, సైకాలజీ, అనాటమీ, ఫిజియాలజీ ముందే చదివి ఉండాలి, అవి నా డిగ్రీలో అయిపోయాయి. ఈ రెండేళ్లూ రోగ నిర్ధారణ, అత్యవసర వైద్యం, పునరావాసం, మందులు, మానసిక ఆరోగ్యం. వాటితోపాటు పనిచేసే చోట శిక్షణ. కనీసం ఒకసారి నాలుగు వారాలపాటు క్లాసులన్నీ ఆపి పూర్తికాలం అక్కడే ఉండాలి. ఆటగాళ్లనే కాదు, ఆటలాడనివాళ్లనీ, చిన్నపిల్లల్నీ, పెద్దవాళ్లనీ చూడాలి. చివర్న బోర్డు పరీక్ష, నాలుగు గంటల్లో 175 ప్రశ్నలు. అది పాసైతేనే సర్టిఫికెట్. ఆ తర్వాత రాష్ట్రం లైసెన్సు ఇవ్వాలి. ట్రైనర్లకు లైసెన్సు పెట్టిన మొదటి రాష్ట్రం మన టెక్ససే, 1971లో. 2024 నాటికి కాలిఫోర్నియా ఒక్కటే పట్టించుకోకుండా మిగిలింది, అప్పటికి అక్కడ ఎవరైనా ఆ పేరు పెట్టుకోగలిగేవాళ్లు. సర్టిఫికెట్ వచ్చాక కూడా రెండేళ్లకోసారి 50 యూనిట్ల చదువు చూపించాలి.

మావయ్య: నా ఫిజియోథెరపీ సంగతీ ఇంతే. చదువు తక్కువదని నేననలేదు. 1990లోనే అమెరికన్ మెడికల్ అసోసియేషన్ మీది వైద్య వృత్తేనని ఒప్పుకుంది. చదువు ఇంత బరువైనప్పుడు జీతం ఎందుకంత పలచన అన్నదే నా బాధ. రాత్రిళ్లు, శనివారాలు, దీపావళి రోజు టోర్నమెంటు. నీకు పిల్లలు పుట్టాక? నాతో పనిచేసే ఒకావిడ పదేళ్లు కాలేజీ ట్రైనర్‌గా చేసి, కొడుకు మొదటిసారి బడికెళ్లిన రోజు కూడా బస్సులో ఇంకో ఊళ్లో ఉండి, ఆ ఏడాదే మానేసింది. ఇప్పుడు మా క్లినిక్‌లో ఫ్రంట్ డెస్కు పక్క గదిలో కూర్చుంటుంది. గొప్ప చెయ్యి ఆవిడది. భుజం పట్టుకుని చూసి ఏ స్నాయువు తెగిందో చెప్పేస్తుంది. అలాంటి మనిషిని ఆట పోగొట్టుకుంది.

హారిక: (చాలాసేపు ఊరుకుని) దీనికి నేను ధైర్యం చెప్పుకోగలనుగానీ జవాబు చెప్పలేను. స్కూల్లో అయితే ప్రయాణాలు తక్కువ. సైన్యంలో, ఫ్యాక్టరీల్లో, డాన్సు కంపెనీల్లో కూడా ఇప్పుడు ట్రైనర్లని పెట్టుకుంటున్నారు, అక్కడ వేళలు నయం. కానీ హైస్కూలు మైదానాన్ని వదిలి అక్కడికి పొమ్మంటే నాకు మనసొప్పదు.

మావయ్య: డాన్సంటే గుర్తొచ్చింది. మన ఆడపిల్లలు కూచిపూడి రంగప్రవేశానికి ముందు రెండు నెలలు రోజుకు నాలుగేసి గంటలు గట్టి నేల మీద అడుగులు వేసి వేసి, ముంగాళ్ల నొప్పులతో నా దగ్గరికొస్తారు. ఎక్కువమంది ఆలస్యంగానే వస్తారు. ఎముకలో సన్న పగులు దాకా తెచ్చుకున్నవాళ్లున్నారు. ఎవరైనా మొదటి వారమే చూసి, అడుగులు తగ్గించమని గురువుగారికి చెప్పగలిగితే ఆ పగులు రాదు. క్రికెట్ పిల్లలూ అంతే. గ్రాండ్ ప్రెయిరీలో స్టేడియం వచ్చాక మన వాళ్ల పిల్లలు చాలామంది ఫాస్ట్ బౌలింగ్ అంటున్నారు. పదిహేనేళ్లకే నడుం ఎముకలో పగులు. ఎన్ని బంతులు వేశాడని లెక్క రాసేవాళ్లే లేరు.

హారిక: నువ్వు నా తరఫున మాట్లాడుతున్నావు మావయ్యా.

మావయ్య: పిల్లల తరఫున మాట్లాడుతున్నాను. నీ జీతం మీద నా మాట నేను వెనక్కి తీసుకోను. అది అన్యాయమే, నువ్వు ఇష్టపడి వెళ్లినా అన్యాయమే. కానీ వెళ్తానంటున్నావు కాబట్టి, వెళ్లేదేదో కళ్లు తెరిచి వెళ్లు. నీకు సీటిచ్చిన రెండు ప్రోగ్రాములకూ గుర్తింపు ఉందో లేదో, ప్రొబేషన్‌లో ఏమైనా పెట్టారో చూడు. మొదటిసారే బోర్డు పరీక్ష పాసైనవాళ్ల శాతం వాళ్లు బయటపెట్టి తీరాలి. మూడేళ్ల సగటు 70 శాతానికి తగ్గకూడదన్నది నిబంధన. అంచున ఉన్నదాన్ని వదిలెయ్. గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా ఫీజు తగ్గించే చోటికి పో, పేరుకోసం అప్పు చెయ్యొద్దు. శిక్షణకు ఎక్కడికి పంపిస్తారో, అక్కడ ట్రైనర్‌కి కోచ్‌ని కాదనే దమ్ముందో లేదో ఇప్పుడక్కడ చదువుతున్న పిల్లల్ని అడుగు. వాళ్లు నిజం చెప్తారు.

హారిక: అడుగుతాను. అమ్మకేం చెప్తావు?

మావయ్య: నచ్చజెప్పడానికి వచ్చి ఓడిపోయానని చెప్పను, ఓడిపోలేదు కూడా. డబ్బు దగ్గర నేను గెలిచాను. మిగతాది నువ్వు గెలిచావు. మీ అమ్మకు ఆ రెండూ చెప్తాను.

ఇద్దరి మాటా విన్నాక నేను హారిక పక్షం. ఆసుపత్రి తలుపు దాకా రాకుండానే తేలిపోయే చావుబతుకులు కొన్నుంటాయి. అక్కడ చదువుకున్న మనిషి నిలబడి ఉండాలి, ఆ మనిషి మాటకు కోచ్ అడ్డం రాకూడదు. జీతం సంగతిలో మావయ్యది న్యాయమైన మాట. దాన్ని తీర్చాల్సింది పాతికేళ్ల పిల్లల త్యాగం కాదు, స్కూలు బోర్డుల బడ్జెట్. ఆ బోర్డుల్ని ఎన్నుకునే ఓట్లు ఇప్పుడు మన చేతుల్లోనూ ఉన్నాయి.

అమెరికాలో పిల్లల్ని ఆటలకు పంపే తెలుగు తల్లిదండ్రులారా, మీ పిల్లలు ఏ ఆట ఆడుతున్నా సరే, ఈసారి బడికెళ్లినప్పుడు కోచ్‌ని స్కోరు గురించి కాకుండా ఇవి అడగండి: ఇక్కడ లైసెన్సు ఉన్న అథ్లెటిక్ ట్రైనర్ ఉన్నారా, ఆగిన గుండెకు షాక్ ఇచ్చే యంత్రం ఏఈడీ ఎక్కడుంది, ఐసు నీళ్ల తొట్టి ఎవరు నింపుతారు? లేవని చెప్తే స్కూలు బోర్డు మీటింగుకి వెళ్లి అక్కడ మళ్లీ అడగండి. టెక్సస్‌లో ఫుట్‌బాల్ ప్రాక్టీసులు ఆగస్టు మొదట్లోనే మొదలవుతాయి. అంతకంటే ముందే అడగండి.